కుందేలుకు పూసిందంతా దాని కడుపులోకే

పెంపుడు జంతువుల శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కుందేళ్ళ చర్మం గురించినవే ఎక్కువ. హైదరాబాద్‌లో వానలు పట్టుకున్నాయంటే ఇవి తప్పవు. బాల్కనీలో బోను ఆరదు, గడ్డి చెమ్మగిల్లుతుంది, ఈగలు ముసురుతాయి. దాదాపు అందరూ అడిగింది ఇంట్లో ఉన్న నూనె, పసుపు, కలబంద గురించే. అన్ని జవాబులకూ వర్తించే సంగతి ఒకటుంది, అది ముందే చెప్పేస్తాం. కుందేలు రోజులో చాలాసేపు ఒళ్ళు నాక్కుంటూనే ఉంటుంది. పైగా అది వాంతి చేసుకోలేదు. ఒంటికి రాసిన ఏ మందైనా కాసేపట్లో కడుపులోకి పోయినట్టే, పోతే తిరిగి బయటికి రానట్టే. అది సహజమైనదా, కెమికలా అనేది తర్వాత చూసుకోవచ్చు. నాకితే ఏమవుతుందో ముందు ఆలోచించాలి.

ప్రశ్న: మా కుందేలు మగది, రెండేళ్ళది, రెండు కిలోలుంటుంది. ముక్కు మీద, చెవుల అంచుల్లో, ముందుకాళ్ళ వేళ్ళ దగ్గర తెల్లగా పక్కులు కట్టాయి. అస్తమానం గోక్కుంటోంది. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి రాయమని మా అత్తగారు అంటున్నారు. పక్కింటివాళ్ళు వేపనూనె మంచిదంటున్నారు. ఏది రాయమంటారు?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: కర్పూరం మాత్రం వద్దండీ. అది చర్మం గుండా త్వరగా ఒంట్లోకి ఇంకుతుంది, నాకితే ఇంకా త్వరగా. ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. మనుషుల గజ్జికి కర్పూరం నూనె పాత వైద్యమే, మీ అత్తగారు చెప్పింది ఆ అలవాటుతోనే. కానీ మనిషి ఒళ్ళు నాక్కోడు, మనిషి బరువు రెండు కిలోలూ కాదు.

మీరు రాసిన లక్షణాలు గజ్జిలాగే ఉన్నాయి. సార్కాప్టిస్ అనే అతిచిన్న పురుగు (మైట్) వల్ల వస్తుంది. మామూలు కంటికి కనిపించదు. చర్మం పై పొరలో సొరంగాలు తవ్వుకుని అందులోనే గుడ్లు పెడుతుంది. బొచ్చు పలుచగా ఉండే ముక్కు, పెదవులు, చెవి అంచులు, గోళ్ళ మొదళ్ళలో మొదలై అక్కణ్ణించి పాకుతుంది. పైన రాసిన నూనె ఆ సొరంగాల లోపలికి సరిగా చేరదు. అందుకే నూనె రాసిన నాలుగైదు రోజులు పక్కు మెత్తబడి తగ్గినట్టు కనిపిస్తుంది, పక్షం తిరక్కుండా మళ్ళీ మొదటికొస్తుంది. ఈలోగా మైట్లు కాళ్ళకీ, బోనులోని మిగతా కుందేళ్ళకీ చేరిపోతాయి.

వేపనూనెకు పురుగుని అణిచే గుణం ఉన్నమాట నిజమే. కానీ ముక్కు, నోటి చుట్టూ రాస్తే ఆ చేదుకి, ఆ వాసనకి కుందేలు మేత ముట్టదు. పది పన్నెండు గంటలు మేత లేకపోతే పేగుల కదలిక మందగిస్తుంది. గజ్జి కన్నా అదే ముందు ప్రాణం మీదికి తెస్తుంది. వేపనూనె రాయాలనే ఉంటే డాక్టరు మందు మొదలుపెట్టాక, చెవి అంచులకు మాత్రమే రాయండి. ఒక చెంచా వేపనూనెకు పది చెంచాల కొబ్బరినూనె కలిపి, అందులోంచి రెండు మూడు చుక్కలు దూదితో అద్దండి, అదీ రోజు విడిచి రోజు. ముందు రూపాయి బిళ్ళంత చోట రాసి ఒక రోజు చూడండి. ఎర్రబడితే ఆపేయండి. చూలు కుందేలుకి, పిల్లలకి అసలు వద్దు. నూనె ఒళ్ళంతా పట్టించడం ఎవరికీ మంచిది కాదు. బొచ్చు అట్టకడుతుంది, ఒంట్లో వేడి సరిగా బయటికి పోదు, నాకిన నూనెకి విరేచనాలు పట్టుకుంటాయి.

ముక్కు మీది పక్కుకు ఉత్త కొబ్బరినూనె ఒకటి రెండు చుక్కలు చాలు. ముక్కు రంధ్రాల్లోకి పోకుండా అద్ది, పది నిమిషాలాగి, దానంతటది ఊడివచ్చిందే తుడవండి. గోటితో పీకారంటే కింద పచ్చిపుండు పడుతుంది.

అసలు వైద్యం ఐవర్‌మెక్టిన్. పక్కు దగ్గర కాస్త గీకి మైక్రోస్కోపులో చూశాక డాక్టరు చర్మం కింద ఇంజెక్షన్ చేస్తారు. కిలో బరువుకి 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు ఇస్తారు. మందుల షాపులో దొరికే 1 శాతం సీసాలో ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములుంటాయి. అంటే మీ కుందేలుకి పడేది 0.04 నుంచి 0.08 మిల్లీలీటరు, సిరంజి మొదట్లో గీతల మధ్య కనీకనిపించనంత. పశువుల కోసం అమ్మే ఆ సీసా తెచ్చుకుని ఇంట్లోనే అర మిల్లీలీటరు పొడిచేసేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి. మందు గుడ్లని చంపదు. అందుకే 10–14 రోజులకొకసారి చొప్పున రెండు మూడు డోసులు పడాలి. మొదటి డోసుకే దురద తగ్గిందని మానేయడంవల్లే చాలా ఇళ్ళలో గజ్జి తిరగబెడుతోంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మర్మాంగం దగ్గర కూడా పక్కులున్నాయేమో చూపించండి. ముక్కు, పెదవులు, మర్మాంగం మూడుచోట్లా ఉంటే అది మైట్ కాకుండా కుందేళ్ళకు వచ్చే సిఫిలిస్ కావచ్చు. దానికి పెన్సిలిన్ ఇంజెక్షన్ పడాలి, ఏ నూనే పనిచేయదు. పెన్సిలిన్ ఇంజెక్షనే సుమా, నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మంచి బాక్టీరియా చచ్చి కుందేలూ చనిపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా చేతులమీద, పొట్టమీద దురద పొక్కులు లేస్తే వాళ్ళు చర్మవ్యాధుల డాక్టరుకి చూపించుకోవాలి. ఈ మైట్ మనుషులకీ పట్టుకుంటుంది.

రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి, నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల మీకు అందుబాటులో ఉన్నవే. ఎక్కడికెళ్ళినా ముందు ఫోన్ చేసి, కుందేళ్ళని చూసే డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కోండి. ఆటోలో తీసుకెళ్ళేటప్పుడు ఉక్కపోయకుండా గడ్డకట్టించిన నీళ్ళసీసాని తువ్వాలులో చుట్టి బుట్టలో ఒక పక్కన పెట్టండి.

ప్రశ్న: చెవి లోపల మందంగా గోధుమరంగు పొరలు పేరుకున్నాయి, తల విదిలిస్తోంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయొచ్చా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వెల్లుల్లి నూనె పోయకండి. చెవి లోపల ఇప్పటికే పచ్చిగా ఉంటుంది, ఘాటు నూనె మంట పుట్టిస్తుంది. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే నూనె లోపలి చెవిదాకా పోతుంది, అప్పుడు మెడ ఒకవైపుకి వాలిపోవచ్చు.

ఇది చెవి మైట్, సోరోప్టిస్ అంటారు. ఇది సొరంగం తవ్వదు, పైపైనే ఉండి చర్మాన్ని గీరుతుంది. కారిన రసి, రాలిన చర్మం, మైట్ల మలం కలిసి పొరమీద పొరగా గట్టిపడతాయి. ఒక చిన్న తునకని నల్ల కాగితం మీద పెట్టి భూతద్దంతో చూడండి, తెల్లటి చుక్కలు కదులుతూ కనిపిస్తాయి. ఆ పొరల్ని దూదిపుల్లతో కెలకొద్దు. వాటి కింద చర్మం ఉండదు, నెత్తురే. ఐవర్‌మెక్టిన్ గానీ, డాక్టరు మెడమీద వేసే సెలామెక్టిన్ చుక్కలు గానీ పడితే వారం పదిరోజుల్లో పొరలు వాటంతటవే ఎండి రాలతాయి. గోరువెచ్చని నూనె రెండు చుక్కలు వేస్తే పొర మెత్తబడుతుంది తప్ప మైట్లన్నీ చావవు. ఇవి కుందేలు ఒంటిని వదిలాక కూడా మూడు వారాలదాకా బతకగలవు. కాబట్టి పరుపులు, తువ్వాళ్ళు వేడినీళ్ళలో ఉతకండి, చెక్కపెట్టె ఉంటే తీసేయండి, జతలో ఉన్న కుందేళ్ళన్నిటికీ ఒకేసారి మందు వేయించండి.

ప్రశ్న: మా కుక్కకి వాడే పేల మందు నిన్న కుందేలు మెడమీద వేశాం. ఇవాళ డల్‌గా ఉంది. ఫర్వాలేదా?
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: మీకు ఫోన్‌లో అప్పుడే చెప్పాం, మిగతావాళ్ళ కోసం ఇక్కడ వేస్తున్నాం. ట్యూబు మీద ఫిప్రోనిల్ అని ఉంటే అది కుందేలుకి విషం. మేత మానడం, మగతగా పడుండడం, ఫిట్స్, ఆపైన మరణం. ఈ లక్షణాలు కొన్ని రోజుల తర్వాత కూడా మొదలవ్వచ్చు. వేసినచోట మాత్రమే గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల గిన్నెల సబ్బు ద్రవంతో కడిగి, బాగా ఆర్పి, నాక్కోకుండా తువ్వాలులో చుట్టి అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ట్యూబు కూడా వెంట పెట్టుకుని. కుక్కల కోసం అమ్మే పౌడర్లు, అమిట్రాజ్ స్నానాలు కూడా వీటికి పనికిరావు. పశువుల పుండ్లకు అమ్మే మూలికల స్ప్రేలు సహజమైనవే కదా అనుకుంటారు. వాటిలో తరచూ టర్పెంటైన్, నీలగిరి నూనె లాంటివి ఉంటాయి, అవీ వీటికి ప్రమాదమే. టీట్రీ ఆయిల్ సంగతీ అంతే.

ప్రశ్న: వెనక పాదాల మడమల దగ్గర బొచ్చు ఊడి ఎర్రగా అయింది, ఒకదానికి చిన్న పుండు పడింది. తేనె, కలబంద పనిచేస్తాయని విన్నాం. ఇనుప జాలీ బోనులో పెంచుతున్నాం.
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: మీ చివరి వాక్యంలోనే కారణం ఉందండీ. కుక్కకి, పిల్లికి ఉన్నట్టు కుందేలు పాదానికి మెత్తటి దిండు ఉండదు. బొచ్చే దాని చెప్పు. జాలీ తీగ మీద బరువంతా సన్నటి గీతల మీద పడి రక్తప్రసరణ ఆగుతుంది, బొచ్చు అరుగుతుంది, చర్మం పగులుతుంది, ఉచ్చ తడి తగిలి చీము పడుతుంది. జాలీని కప్పకుండా ఎంత మంచి మందు రాసినా దండగే. తిరుపతి నుంచి తెచ్చిన చందనమైనా సరే.

నేలతో మొదలుపెడదాం. జాలీ మీద ముందు ఒక చదునైన పలక, దానిమీద మడత పెట్టిన పాత బొంత, పైన దారాలు లేవని కాటన్ తువ్వాలు. తువ్వాలు రోజూ మార్చాలి, తడిస్తే అప్పుడే మార్చాలి. గోనెసంచి వద్దు, దాని పోగుల్లో గోరు చిక్కుకుని విరుగుతుంది. బొంత కొరికి దూది మింగే రకమైతే బొంత మానేసి మందంగా ఎండుగడ్డి పరవండి. తర్వాత గోళ్ళు. గోరు పెరిగితే వేళ్ళు పైకి లేచి బరువంతా మడమ మీదికి జరుగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి, లోపలి గులాబీరంగు నరం నుంచి 2–3 మిల్లీమీటర్లు వదిలి కత్తిరించండి. నల్లగోరైతే వెనకనుంచి ఫోన్ టార్చ్ పెడితే నరం నీడ కనిపిస్తుంది. బరువు ఎక్కువుంటే అదీ తగ్గాలి.

ఇక పుండు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి 9 గ్రాముల ఉప్పు, అంటే తలకొట్టిన టీచెంచాలు ఒకటిన్నర. ఆ నీళ్ళతో రోజుకి రెండుసార్లు కడగండి. చీము వాసన ఉంటే ఒకపూట పోవిడోన్ అయోడిన్ వాడొచ్చు. 5 శాతం ద్రావణం ఒక చెంచా, అరగ్లాసు (100 మిల్లీలీటర్లు) నీళ్ళు కలిపితే పలుచని టీ రంగు వస్తుంది, అంతే ఉండాలి. చిక్కగా రాస్తే కొత్తగా వస్తున్న చర్మం మాడుతుంది. డెట్టాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ మూడూ వద్దు. గాజుగుడ్డతో అద్దుతూ బాగా ఆర్పండి.

తేనె తెరిచిన పుండుకి నిజంగా మంచి మందు. నీటిని లాగేసి బాక్టీరియాని పెరగనివ్వదు, పుండుని తడిగా ఉంచి కొత్త కండ రానిస్తుంది. మందుల షాపులో గాయాల కోసం శుద్ధిచేసిన తేనె ట్యూబు దొరికితే అదే వాడండి, వంటింటి సీసా కల్తీదో కాదో తెలియదు. మినపగింజంత తీసుకుని పలుచగా పరిచి, పైన గాజుగుడ్డ ముక్క, దానిమీద వదులుగా కట్టు వేయండి. కట్టు లేకుండా తేనె రాస్తే పది నిమిషాల్లో నాకేస్తుంది, మిగిలినదానికి చీమలు పడతాయి. చీమలు పట్టిన పుండుతో కుందేలు రాత్రంతా గంతులేసి ఇంకో కాలూ దెబ్బ తీసుకుంటుంది. బోను కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి. కట్టు వేసిన గంటకి వేళ్ళు ముట్టుకు చూడండి, చల్లగానో వాచినట్టో ఉంటే బిగువైందన్నమాట. కట్టు రోజూ మార్చాలి.

కలబంద పుండు పడని చోటుకి మాత్రమే. ఎర్రబడి పొడిబారిన చర్మానికి కాస్త హాయినిస్తుంది. మట్ట కోయగానే పసుపుపచ్చటి జిగురు కారుతుంది చూడండి, అది గట్టి విరేచనకారి. కుందేలు నాకితే పేగులు పాడవుతాయి. మట్టని కోసినవైపు కిందికి పెట్టి 20 నిమిషాలు నిలబెట్టి, తోలుతోపాటు పసుపు పొర పూర్తిగా చెక్కేసి, లోపలి గాజులాంటి గుజ్జుని రెండుసార్లు కడిగి వాడండి. ముఖానికి అమ్మే ఆకుపచ్చ జెల్ డబ్బాల్లో సెంటు, రంగు ఉంటాయి. పసుపు కలిపిన ముద్ద పెట్టకండి. అది ఎండి పెచ్చుకడుతుంది, పైగా పచ్చగా కప్పేయడంతో కింద చీము పట్టినా మీకు కనపడదు.

వారంలో పుండు చిన్నదవ్వాలి. పెరిగినా, పాదం వాచినా, నడక మార్చినా ఎముకదాకా పోయిందేమో ఎక్స్‌రే తీయించాలి.

ప్రశ్న: వీపు మీద గుండ్రంగా బొచ్చు ఊడింది. మా పాపకి మోచేతి మీద అలాంటిదే ఎర్రటి వలయం వచ్చింది. మా దగ్గరున్న తామర ట్యూబు ఇద్దరికీ రాయొచ్చా?
– ఒక పాఠకుడు, టోలిచౌకి

జవాబు: ఇద్దరికీ ఒకటే తామర కావచ్చు. కుందేలు నుంచి మనిషికి అంటుతుంది. పాపని డాక్టరుకి చూపించండి, కుందేలు బొచ్చు నాలుగు వెంట్రుకలు పీకి వెటర్నరీ డాక్టరుకి ఇవ్వండి. డాక్టరు ఫంగస్ కోసం చూసే నీలికాంతి దీపం కింద మెరవలేదు కాబట్టి తామర కాదు అనుకోవద్దు, కుందేళ్ళకి ఎక్కువగా వచ్చే ఫంగస్ మెరవదు.

మీ దగ్గరున్న ట్యూబు వెనక్కి తిప్పి చదవండి. బెక్లోమెథసోన్, బీటామెథసోన్, క్లోబెటసోల్ ఏది ఉన్నా అది స్టెరాయిడ్, పక్కన పెట్టేయండి. కుందేళ్ళు స్టెరాయిడ్‌కి చాలా త్వరగా దెబ్బతింటాయి. రోగనిరోధకశక్తి తగ్గి ఫంగస్ ఇంకా పాకుతుంది. మొటిమలకు వాడే క్లిండమైసిన్ జెల్ అయితే అంతకన్నా ప్రమాదం, నాకిన కొద్దిపాటికే పేగుల్లో విషం పుట్టి చనిపోవచ్చు.

ఉత్త క్లోట్రిమజోల్ లేదా మైకొనజోల్ క్రీము, డాక్టరు సరేనన్నాక, మచ్చ అంచు దాటి ఒక సెంటీమీటరుదాకా పలుచగా రోజుకి రెండుసార్లు రాయండి. రాశాక పదిహేను నిమిషాలు ఒళ్ళో పెట్టుకుని గరిక తినిపిస్తూ కూర్చోండి. నోటికి పని ఉంటే నాకడం మరిచిపోతుంది. బొచ్చు మొలిచినా మానొద్దు, మొత్తం రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బోనుని సబ్బుతో కడిగి, ఒక వంతు బ్లీచ్‌కి పదివంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి ఎండలో ఆరబెట్టండి. అంతసేపూ కుందేలు వేరే గదిలో ఉండాలి. తామరకి పసుపు, వేపాకు ముద్ద మీద ఆధారపడి రోజులు గడపకండి, ఇంట్లో పిల్ల ఉంది.

ప్రశ్న: వెనకవైపు ఎప్పుడూ తడిగా, ఉచ్చ వాసనతో ఉంటుంది. చర్మం ఒరిసిపోయింది. షాంపూతో స్నానం చేయిస్తున్నా తగ్గడం లేదు. మేత రోజూ లూసర్న్ గడ్డి కట్ట, క్యారెట్.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: స్నానం ఆపేయండి ముందు. నిండా తడిస్తే కుందేలు షాక్‌లోకి పోవచ్చు, భయంతో తన్నుకుంటే నడుమెముక విరగొచ్చు. దట్టమైన అడుగు బొచ్చు గంటలతరబడి ఆరదు.

వెడల్పు టబ్బు అడుగున తువ్వాలు పరిచి రెండంగుళాల గోరువెచ్చని నీళ్ళు పోసి, వెనకభాగం మాత్రమే ఐదు నిమిషాలు ఉంచి చేత్తో కడగండి. సబ్బు అక్కర్లేదు. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, డ్రయ్యర్‌ని తక్కువ వేడిలో దూరంనుంచి పెట్టి మొదళ్ళదాకా ఆర్పండి. పూర్తిగా ఆరాక ఎర్రటి చోట సువాసన లేని పెట్రోలియం జెల్లీ గానీ కొబ్బరినూనె గానీ, వేలికి అంటినంత. ఇవి చర్మాన్ని ఉచ్చనుంచి కాపాడే పూత మాత్రమే. పిల్లల డయపర్ క్రీముల్లో జింక్ ఉంటుంది, నాకితే మంచిది కాదు. ఎండిన మురికి వదలాలంటే కార్న్‌ఫ్లోర్ చల్లి వేళ్ళతో నలిపి దులపొచ్చు, ముక్కు దగ్గర లేవకుండా. రసి కారే చోట మాత్రం చల్లొద్దు, ముద్దకట్టి కింద కుళ్ళుతుంది. టాల్కమ్ పౌడరు వద్దు. అట్టకట్టిన బొచ్చుని కత్తెరతో కోయకండి. దాని చర్మం కాగితమంత పలుచన, బొచ్చుతోపాటు పైకి లేచి తెగుతుంది. ట్రిమ్మర్ వాడించండి.

ఇదంతా ఉపశమనమే. లూసర్న్‌లో కాల్షియం ఎక్కువ. పెరిగిన కుందేలు ఆ కాల్షియాన్ని ఉచ్చలోనే వదులుతుంది, అది మూత్రాశయంలో సున్నపు బురదలా పేరుకుని, ఉచ్చ బొట్లుబొట్లుగా కారుతూ ఉంటుంది. ఎండితే తెల్లగా సుద్దలా మిగులుతోందా చూడండి. అలా ఉంటే స్కానో ఎక్స్‌రేనో తప్పదు. లూసర్న్ పదిరోజుల్లో మెల్లగా తగ్గించి గరిక, గినీ గడ్డి, ఎండుగడ్డి మేతలో ముప్పాతిక పైగా ఉండేలా మార్చండి. గరిక గుడి దగ్గర కొంటారో, పొలం గట్టునుంచి తెస్తారో, మందు చల్లనిదై ఉండాలి, కడిగి ఆర్పి వేయాలి. క్యారెట్ చిన్న ముక్క, వారానికి రెండుసార్లు. నీళ్ళు సీసాలో కాకుండా బరువైన గిన్నెలో పెడితే ఎక్కువ తాగుతుంది.

ప్రశ్న: తోక కింద పుండులో తెల్లటి పురుగులు కనిపించాయి. కర్పూరం పొడి, టర్పెంటైన్ నూనె వేస్తే పోతాయా?
– ఒక పాఠకుడు, ఘట్‌కేసర్

జవాబు: పశువులకి వేసినట్టు వీటికి వేస్తే పురుగులతోపాటు కుందేలూ పోతుంది. ఈగ గుడ్లు ఒక రోజు లోపే పిగిలి కండ తినడం మొదలుపెడతాయి. ఇది గంటల్లో ముదిరే ప్రమాదం, తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. కనిపించినవాటిని చిన్న పట్టకారుతో (ట్వీజర్) ఒక్కొక్కటీ ఏరండి. బొచ్చు తడపకండి, తడిస్తే ఆసుపత్రిలో ట్రిమ్మర్ నడవదు. వెచ్చగా చుట్టి బయల్దేరండి. వానకాలమంతా పొద్దున, సాయంత్రం తోక ఎత్తి చూడటం, బోనుకి దోమతెర కట్టడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: మా ఆడ కుందేలు గొంతు కింద, పొట్టమీద బొచ్చు తనే పీక్కుంటోంది. చర్మం శుభ్రంగానే ఉంది. ఏ నూనె రాయాలి?
– ఒక పాఠకురాలు, సైదాబాద్

జవాబు: ఏదీ రాయకండి. గడ్డి నోట కరుచుకుని మూలకి మోస్తోందా? అయితే గూడు కడుతోంది. మగదానితో కలిసి ఉంటే 30–32 రోజుల చూలు చివరికొచ్చి ఉండొచ్చు. ఆయిల్ రాస్తే పుట్టిన పిల్లలు అదే నాకుతాయి. గడ్డి నింపిన అట్టపెట్టె ఒకటి పెట్టి వదిలేయండి. మగది లేకపోతే అది ఉత్తుత్తి చూలు, 16–18 రోజుల్లో సర్దుకుంటుంది. పీకిన బొచ్చు గూట్లోనే ఉండనివ్వండి, తీసేస్తే మళ్ళీ పీక్కుంటుంది. పదేపదే ఇలా అవుతుంటే గర్భసంచి తీయించడం గురించి డాక్టరుతో మాట్లాడండి.